పేరు లేని బొమ్మకు వారానికొక పీరియడు
ఉభయ తెలుగు రాష్ట్రముల పాఠశాల విద్యాశాఖామాత్యులకు బహిరంగ లేఖ



ముప్పదియేండ్లకు పైబడి పల్లెబడులలో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి విశ్రాంతుడనైన నేను, నా బల్ల సొరుగులో ఇన్నాళ్ళుగా పదిలముగా దాచుకొన్న ఒక కాగితమును గూర్చియు, ఆ కాగితము నాకు నేర్పిన పాఠమును గూర్చియు మీకు విన్నవించుకొనవలెనని ఈ లేఖ వ్రాయుచున్నాను. రాజ్యభారము వహించిన మీకు ఇది స్వల్పవిషయముగా తోపవచ్చును. కాని మన రెండు రాష్ట్రములలోను ప్రతి ఉదయము సంచి తగిలించుకొని బడికి పోవు ప్రతి బిడ్డకును దీనితో ప్రమేయము కలదు గనుక, సావకాశముగా చదువుదురని నమ్ముచున్నాను.

మగ్గముల చప్పుడుతో తెల్లవారెడి ఒక ఊరి బడిలో, ఒకనాడు మూడవ తరగతి పిల్లలకు కాగితములు పంచి, ఏ బొమ్మ వేయవలెనో చెప్పక, ‘మీకు తోచినట్లు వేయండి’ అని ఊరకుంటిని. పిల్లలు కొంతసేపు ఒకరి మొగము ఒకరు చూచుకొన్నారు. గోడవార కూర్చున్న ఒక చేనేతవారి పిల్లవాడు మాత్రము ఎర్ర క్రేయానుకు చుట్టిన కాగితమును గోటితో ఒలిచి, దానిని అడ్డముగా పడుకోబెట్టి, ఒక మూలనుండి చిన్న చిన్న చదరములు రుద్దుచు వచ్చినాడు. ఆ చదరములు మూలలో ఒకదాని నొకటి ఒరసికొనుచు క్రిక్కిరిసి, నడిమికి వచ్చుకొలదిని పలుచబడి, కడకు ఒక్కటొక్కటిగా విడిపోయినవి. తక్కిన కాగిత మంతయు ఖాళీ. ఆ ఖాళీకి ఆవలి అంచున, చాలసేపు చేయి గాలిలో నిలిపి, ఒకే ఒక నల్ల చదరము నుంచి, క్రేయానును పెట్టెలో పెట్టివేసినాడు. ఆ నల్ల చదరమును ఎక్కడ నుంచవలెనో తేల్చుకొనుటకు వాడు పట్టిన వ్యవధి నేను కన్నార చూచితిని. కవి ఒక మాటకొరకు ఆగునట్లు ఆగినాడు.

అదే సమయమున తనిఖీకి వచ్చియున్న ఒక పెద్దమనిషి వాని యెదుట నిలిచి, ‘ఇదేమిటిరా?’ అని అడిగినారు. వాడు ఆయన మొగము చూచి, నా మొగము చూచి, కాగితమును చూచి, ‘ఏనుగండీ’ అన్నాడు. ఆయన తన ఎర్రసిరా కలముతో ఆ ఖాళీలో ‘ఏనుగు’ అని వ్రాసి, క్రింద పదికి నాలుగు మార్కులు వేసి, ‘తొండ మేదీ?’ అనుచు ముందుకు సాగిపోయినారు.

వాడు అబద్ధమాడినాడని నే ననను. పెద్దవారికి పేరు చెప్పనిదే తృప్తి కలుగదని మూడేండ్ల చదువులో వాడు గ్రహించినాడు. ఇచ్చివేసి తప్పించుకొనుటకు వానికి దొరికిన పేరు ఏనుగు. ఆ గ్రహింపును వానికి కలిగించిన వారిలో నేనును ఒకడను. అప్పటికి ఎన్నో యేండ్లుగా నేను నల్లబల్లపై రెండు త్రికోణపు కొండలు, వాని సందున సగము సూర్యుడు, కొండల మధ్యనుండి పాములాగ దిగివచ్చు ఏరు, ఏటి యొడ్డున పూరిల్లు, ఇంటి ప్రక్క ఒంగిన కొబ్బరిచెట్టు, ఆకాశమున నాలుగు వంపుగీతల పక్షులు వేసి, ‘ప్రకృతి దృశ్యము’ అని శీర్షిక పెట్టి, పిల్లలచేత ఎక్కించుచుంటిని. కొండ లన్నవే లేని మెట్టచేల మధ్య పుట్టి, ఏటిని ఎన్నడును చూడని పిల్లలు ఆ కొండలను, ఆ ఏటిని నమ్మకముగా నకలు చేసిరి. నేడును ఏ బడికి పోయి ‘ఒక బొమ్మ వేయమ్మా’ అన్నను, ఆ కొండలే, ఆ సూర్యుడే ఎదురగుటను చూచినప్పుడెల్ల నా మనస్సు చివుక్కుమనును.

మహాశయులారా, నేను కోరునది నైరూప్యచిత్రకళను, అనగా జనులు ‘మోడరన్ ఆర్టు’ అని దూరమునుండియే దండము పెట్టునట్టి దానిని, మన ప్రాథమిక పాఠశాలలలో పిల్లల చేతి కందింపవలెననియే. అయితే ‘అందించుట’ అను మాట ఇచ్చట అంతగా ఒప్పదు. ఏలయన అది వారియొద్ద ముందే యున్నది, మనమే ఊడబెరుకుచున్నాము. రెండేండ్ల బిడ్డ చేతికి సుద్దముక్క చిక్కిన క్షణమున గోడపై వేయు గీతకు వస్తువు లేదు; భుజము కదలిన సంతోషమే ఆ గీత. అమెరికా దేశమున శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో శిశుపాఠశాలలతో జీవితము గడపిన రోడా కెల్లాగ్ అను విదుషి, లక్షల సంఖ్యలో పసిపిల్లల చిత్రములను సేకరించి పరిశీలించి, వారి తొలిగీతలను 20 రకములుగా వింగడించినది. ఆ గీతలనుండి వలయములును, అడ్డగీత నిలువుగీత ఖండించుకొను గురుతులును, ఆ రెండును ఒకదానిలో నొకటి ఇమిడిన ఆకృతులును పుట్టి, ఆ పిమ్మటనే మనిషి మొగము పుట్టునని ఆమె చూపినది. అనగా బిడ్డ ముందుగా నిర్మాణమును నేర్చి, తరువాత పోలికను నేర్చుచున్నాడన్నమాట. మనము పోలికనే చదువుగా భావించి, నిర్మాణమును కొక్కిరిగీతలని తుడిచివేయుచున్నాము.

ఇది పరదేశమునుండి దిగుమతియైన వింత యని మీలో నెవరికైనను తోచినచో, ధనుర్మాసపు తెల్లవారుజామున మీ వీధిలో ఒకమారు నడిచి రావలసినదని ప్రార్థన. పేడనీళ్ళు కళ్ళాపి చల్లిన వాకిట, 15 చుక్కలు, సందుచుక్క, 8 వచ్చువరకు, అని నోటితో లెక్క పెట్టుకొనుచు, వ్రేళ్ళసందునుండి ముగ్గు జారవిడుచు గృహిణి 169 చుక్కలను నేలపై నాటి, ఒక్క చుక్కనైనను తాకక, ప్రతి చుక్కను చుట్టి, బయలుదేరిన చోటికే వచ్చి కలియునట్లు మెలికను నడపును. ముగ్గులలో తామరలును, చిలుకలును, రథములును కలవు, నిజమే. కాని మెలికల ముగ్గు దేనికి బొమ్మ? ఏ పొరుగింటి అమ్మయైనను ‘ఇదేమిటమ్మా?’ అని అడుగగా విన్నారా? ‘ఎన్ని చుక్కలు?’ అని అడుగును; ‘ఎక్కడ మొదలుపెట్టినావు?’ అని అడుగును. ‘ఈ మూల బిగువు తగ్గిన’ దనును. అవియే నైరూప్యచిత్రమును గూర్చి అడుగదగిన ప్రశ్నలు. చదువు రాని మన అవ్వల కవి తెలియును. తేలియా రుమాలు నేయు చిటికి పనివారికిని తెలియును; నూలుకు ముందుగా ముడులు కట్టి, అద్దకము ముగిసి, మగ్గ మెక్కిన పిమ్మట ఎరుపు నలుపు తెలుపుల చదరములు ఎక్కడెక్కడ వచ్చి కూర్చుండునో వారు మనస్సులోనే చూడగలరు. నా విద్యార్థి ఇంట గోడమీద అట్టి పాతరుమా లొకటి వ్రేలాడుచుండెనని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

సంగీతమునందును మనము ‘ఇదేమిటి?’ అను ప్రశ్న నడుగము. నాదస్వర విద్వాంసుడు కల్యాణి ఆలపించుచుండగా ‘ఇది దేని ధ్వని? కోకిలదా, ఏటిదా?’ అని శ్రోత అడుగడు; స్వరము స్వరముగనే హృదయమును తాకును. చిత్రములోని రంగునకును అట్టి స్వాతంత్ర్యమే కావలెనని తపించిన వారిలో వసీలీ కాండిన్‌స్కీ ముఖ్యుడు. ధర్మశాస్త్రపండితుడుగా స్థిరపడదగినవాడు, 30వ యేట ఆ వృత్తిని వదలి 1896లో మ్యూనిక్ నగరమునకు కుంచె పట్టుటకు పోయినాడు. అచ్చట ఒకనాటి సంజవేళ తన గదిలోనికి వచ్చి, ఇంతకుముందెన్నడు చూడని ఒక అద్భుతచిత్రమును గోడ కానుకొని యుండగా చూచి నిశ్చేష్టుడై, దగ్గరకు పోయి పరికింపగా, అది తన చిత్రమే, ప్రక్కకు తిరిగి పడియున్నదని తెలిసినదట. వస్తువు తన చిత్రములకు అడ్డమని ఆనాడు తనకు బోధపడినదని ఆయనయే వ్రాసికొన్నాడు. ఆయన సహచరుడైన పాల్ క్లే, 1911లో తన కృతుల పట్టికను సిద్ధపరచుచు, తాను పసితనమున గీసిన బొమ్మలలో కొన్నింటిని అందు చేర్చినాడు. మహాచిత్రకారుడు తన శైశవమును తన కృషిలో భాగముగా లెక్కించినా డనుట నాకెంతో ధైర్యము నిచ్చిన సంగతి.

మన దేశపు ముచ్చట ఒకటి దీనికంటె మిన్న. మధ్యప్రదేశములోని మండ్లా అడవిప్రాంతమున 1922లో జన్మించిన సయ్యద్ హైదర్ రజా చిన్ననాడు బడిలో నిలుకడ లేని పిల్లవాడు. వాని మనస్సు చెదరుచుండుట చూచిన ఉపాధ్యాయుడు, కొట్టలేదు, తిట్టలేదు. బడిగోడపై ఒక చుక్క పెట్టి, ‘దీనిని చూచుచు కూర్చో’ అన్నాడు. ఆ పిల్లవాడు పెద్దవాడై, 1950లో ఫ్రాన్సు దేశమునకు పోయి, దశాబ్దముల పాటు రంగులతో పెనగి, నడివయస్సు దాటిన పిమ్మట తిరిగి ఆ చుక్కనే ఆశ్రయించినాడు. ‘బిందువు’ అను పేర ఆయన వేసిన చిత్రములు లోకప్రసిద్ధములు. ఆ పల్లెటూరి ఉపాధ్యాయుడు నైరూప్యకళను బోధించుచున్నానని తలచియుండడు. కాని ఆయన ఒక పని చేయలేదు: ఆ చుక్క ఏమిటో చెప్పలేదు. మన తెలుగునాట గుడివాడలో 1936లో జన్మించిన ఎస్.వి. రామారావు గారు మద్రాసులో చదివి, లండనుకు పోయి, షికాగోలో స్థిరపడి, నైరూప్యచిత్రకారులుగా విఖ్యాతి గాంచి, 2001లో పద్మశ్రీ పొందినారు. కృష్ణాతీరపు పిల్లలలో ఆయన పేరు విన్నవా రెందరుందురు?

ఇక తరగతిగదిలో దీనిని ఎట్లు నడపవలెనో, ఆ ఏనుగు ఉదంతము తరువాత నేను పదునాలుగేండ్లు చేసి చూచినది చెప్పుదును. మొదటిపాఠమునకు కాగితమే వలదు. ఎండకాచిన వరండాలో, ఒక్కొక్క పిల్లకు కొబ్బరిచిప్పెడు నీళ్ళును, చీపురుపుల్లల చిన్నకట్టయు ఇచ్చి, గచ్చుపై గీయుమనుడు. కడపటి గీత ముగియకముందే తొలిగీత ఆరిపోవును. దాచుకొనుటకు, చూపుటకు, మార్కులు వేయుటకు ఏమియు మిగులదు. ఆ అరగంటలో ఒక్కబిడ్డయు ‘సార్, నాకు బొమ్మ రాదు’ అనలేదు. ఆ మాట కాగితముతోను, రబ్బరుతోను పుట్టిన మాట యని నేను అప్పుడు తెలిసికొంటిని.

రెండవది డప్పు. ఊరి డప్పు కళాకారుని బ్రతిమాలి తీసికొనివచ్చి, పిల్లలను కన్నులు మూసికొని దెబ్బ దెబ్బకు బొగ్గుతో కాగితముపై గీత వేయుమంటిని. పిమ్మట ఒక పిల్లవానిచేత పిల్లనగ్రోవి ఊదించి మరియొక కాగితమిచ్చితిని. మొదటి కాగితము నిండ పొడిచిన పోట్లు, తెగిన తునకలు. రెండవదానిపై ఆగని తీగ. ఏది డప్పు, ఏది పిల్లనగ్రోవి అని తరగతిలోని ఎవరి కాగితము చూపినను అందరును గురుతుపట్టిరి. ఏ వస్తువును పోలకయే గీత అర్థమును మోయగలదని అంతకంటె తేటగా నేను చెప్పజాలను.

రంగులకు సొమ్ము లేదనెడి మాట నాకు తెలిసిన సాకే. పసుపు, బొగ్గు, నీలిమందు, గోడల కలుకు జాజు, ఆకుపసరు – ఇవి ప్రతి ఊర దొరకును. పసుపునీటిలో సున్నపుతేట చుక్క విడిచినంతనే కన్నుల యెదుట ఎరుపెక్కును. పారాణి కలుపు తల్లులకు కొత్త కాకపోయినను, ఆ మార్పును తన కాగితముపై తాను కలిగించుకొన్న బిడ్డ వేయు కేక వినదగినది. (సున్నము మాత్రము ఉపాధ్యాయుడే నానబెట్టి, పైతేటను వంచి, తానే చుక్క విడువవలెను, కండ్లకు ప్రమాదము.) హెన్రీ మాటీస్ వార్ధక్యమున జబ్బుపడి, ఈజెలు ముందర నిలువజాలక, రంగు పూసిన కాగితములను కత్తెరతో కత్తిరించి అతికించి 1953లో ‘నత్త’ అను మహాచిత్రమును కూర్చినాడు, మనకు పాతక్యాలెండర్లు, పెండ్లిశుభలేఖలు, మైదాజిగురు చాలును.

పెద్దపిల్లలకు, ఆరేడు తరగతులవారికి, బడి ఆవరణలోని వేపచెట్టును ఐదుమారులు వేయించుచుంటిని. ప్రతిమారును ముందరి బొమ్మనుండి ఏదో యొకటి వదలివేయవలెనని నియమము. 1908 మొదలు నాలుగైదేండ్లు పీట్ మోండ్రియన్ అను డచ్చి చిత్రకారుడు చెట్టును వేసి వేసి, కొమ్మలను వంపుగీతలుగను, వంపుగీతలను అడ్డు నిలువు గీతలుగను మార్చుకొనుచు పోయిన త్రోవ ఇది. ఒక పిల్ల ఆకులను వదలినది, తరువాత రెమ్మలను, తరువాత బెరడును. ఐదవ కాగితములో చెట్టునే వదలివేసి, కొమ్మల సందుల కానవచ్చెడి ఆకాశపు తునకలను మాత్రము వేసినది. నా ఉద్యోగజీవితమున నాకు దక్కిన బహుమాన మది.

ఈ పాఠము లన్నింటికిని చివర చేయవలసిన పని యొక్కటి: కాగితమును నాలుగు ప్రక్కలకు త్రిప్పి చూచి, ఏది పైభాగమో బిడ్డ తానే నిర్ణయించి, వెనుకవైపు బాణపుగురుతు వేయవలెను. కాండిన్‌స్కీ సంజవేళ యాదృచ్ఛికముగా పొందిన దానిని మా పిల్లలు వారము వారము బుద్ధిపూర్వకముగా చేసిరి. ఎందుకు ఈ వైపే పైన అని నే నడుగగా, ‘ఇట్లయితే పడిపోతాది సార్, అట్లయితే నిలబడతాది’ అన్నారు. ‘ఇక్కడ బరువెక్కువైంది’ అన్నారు. ఏడేండ్ల పిల్లలు తూకమును గూర్చి మాటలాడుకొనుచుండిరి.

విజ్ఞులు కొందరు ఒక ఆక్షేపణ చెప్పుదురు. ఆ యాక్షేపణను నేను గౌరవింతును. ఉన్నదానిని ఉన్నట్లు వేయుట రానిచో చేతికి క్రమశిక్షణ ఎట్లు కుదురును, కొండను చూడని కన్ను గీతను మాత్రము ఎట్లు చూచును, అని. చూచి వేయుట గొప్ప సాధన. నేను జీవితమంతయు నేర్పినది అదియే, దానిని తీసివేయుమని నేను కోరను. నేను నిరసించునది చూడనిదానిని నకలు చేయించుటను; ఆ త్రికోణపు కొండలలో చూపును లేదు, ఊహయు లేదు. నైరూప్యరచనలో క్రమశిక్షణ లేదనుట కూడ పొరపాటు. రెండే రంగులు వాడవలెను, ఒకే జాతి గీత వాడవలెను, సగము కాగితము ఖాళీగా వదలవలెను అని నియమము పెట్టి చూడుడు. పిల్లలు ఎంత నిష్ఠగా పాటింతురో, ఎక్కడ ఆపవలెనో తెలిసికొనుటకు ఎంత తపన పడుదురో కానవచ్చును. వియన్నాలో ఫ్రాంజ్ చీజెక్ 1897లోనే బాలచిత్రశాల నెలకొల్పి, నకలు చేయించుటను వదలి పిల్లలను స్వేచ్ఛగా సృష్టింపనిచ్చినాడు. శాంతినికేతనమున చదివిన దేవీప్రసాద్ 1944 మొదలు సేవాగ్రామములో నయీ తాలీము బాలలకు కళను నేర్పి, కళయే విద్యకు మూలమని గ్రంథము వ్రాసినారు. గాంధీమహాత్ముని ఆశ్రమమున, నూలు వడుకుటయు, మరుగుదొడ్డి కడుగుటయు నేర్పిన బడిలో చోటుచేసికొన్న విద్యను విలాస మనుట న్యాయము కాదు.

2020 నాటి జాతీయ విద్యావిధానము కళతో పాఠములను జోడింపుమన్నది. మంచిదే. కాని ఆచరణలో ఆ జోడింపు, పత్రభాగముల పటమును రంగులతో నింపించుటగను, జాతీయదినములకు పతాకమును వేయించుటగను మిగిలిపోవుట చూచుచున్నాను. కళ ఎల్లవేళల మరియొక పాఠమునకు బంటుగనే ఉండవలెనా? కావున నా మనవి ఇది. ఒకటవ తరగతినుండి ఐదవ తరగతివరకు, వారమున కొక పీరియడు, అంశము లేనిదిగా, శీర్షిక లేనిదిగా, మార్కులు లేనిదిగా ఉండునట్లు ఉత్తర్వు చేయించుడు. ప్రాథమిక పాఠశాలలలో చిత్రలేఖనమునకు ప్రత్యేకోపాధ్యాయుడుండుట అరుదు గనుక, లెక్కలు చెప్పు పంతులమ్మ గారే ఆ పీరియడు నడపవలసియుండును. వారికి ఉపన్యాసములు వలదు, శిక్షణ తరగతులలో ఒక పూట నేలపై కూర్చుండబెట్టి, నీళ్ళును, బొగ్గును, పసుపును వారి చేతికే ఇప్పింపుడు. ఆ ఉత్తర్వులో ఒక్క వాక్యము మాత్రము తప్పక చేర్పింపుడు: పిల్లవాని బొమ్మపై పెద్దవా రెవ్వరును ఏమియు వ్రాయరాదు. ‘ఇదేమిటి?’ అనుటకు మారుగా ఏమనవలెనని ఉపాధ్యాయు లడిగినచో, ‘ఎక్కడ మొదలుపెట్టినావు?’ అని అడుగుమనుడు. వాకిటి ముగ్గు ముందు మన అవ్వలు అడుగునది అదే.

నేను మొదట చెప్పిన కాగితమును ఈ లేఖకు జతపరచుచున్నాను. తనిఖీ ముగిసి అందరును వెడలిపోయిన పిదప, ఆ పిల్లవానిని పిలిచి, వేరేమియు అడుగక, ‘నాయనా, దీనికి పై వైపు ఏది?’ అని మాత్రము అడిగితిని. వాడు కాగితమును రెండుమారులు త్రిప్పి చూచుకొని, వెనుక ఎర్ర క్రేయానుతో ఒక బాణము వేసి నా చేతి కిచ్చినాడు. వాని బాణము చెప్పినట్లు నిలిపి పట్టుకొని చూడుడు. చదరము లన్నియు పైనుండి దిగివచ్చుచుండును, నల్లది ఒక్కటియే అడుగున నిలిచి వానికొరకు ఎదురుచూచుచుండును. ‘ఏనుగు’ అను అక్షరములు మాత్రము తలక్రిందులుగా ఉండును.

ఇట్లు
భవదీయుడు,
ఒక విశ్రాంత చిత్రలేఖనోపాధ్యాయుడు